హిమోగ్లోబిన్ బాగుంది, ఫెరిటిన్ తక్కువగా ఉంది: ఏడీహెచ్‌డీ ఉన్న బాబుకు ఐరన్ పనిచేస్తుందా?

ప్రశ్న (బాబు తల్లి, హనుమకొండ)
మా బాబుకు తొమ్మిదేళ్లు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం) ఉందని నిర్ధారించి, దానికి మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాశారు. ఇటీవలి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12.1 ఉన్నందున రక్తహీనత లేదన్నారు, కానీ అదే రిపోర్టులో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలను తెలిపే అంకె) 14 అని ఉంది. రాత్రిళ్లు కాళ్లు లాగుతున్నాయంటూ పక్క మీద దొర్లుతూనే ఉంటాడు. ఐరన్ లోటు తీరితే ఏడీహెచ్‌డీ కూడా పోతుందని మా ఆడపడుచు గారు అంటున్నారు. మందు ఆపి ఐరన్ సిరప్ మొదలుపెట్టవచ్చా?

సమాధానం (పిల్లల వైద్యుడు)
అమ్మా, మందు ఆపకండి. అయితే ఐరన్ లోటు ఉందన్న మీ అనుమానం సరైనదే. శరీరం ముందుగా ఐరన్ నిల్వలను వాడుకుంటుంది, అవి అడుగంటిన తరువాతే హిమోగ్లోబిన్ పడిపోతుంది. అయిదేళ్లు దాటినవారిలో ఫెరిటిన్ 15 కన్నా తక్కువైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని లోటుగానే లెక్కిస్తుంది. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది కనుక ఎక్కువ అంకెను అనుమానించాలి గానీ, ఇంత తక్కువ అంకెను నమ్మవచ్చు. ఏడీహెచ్‌డీ ఉన్నా లేకపోయినా ఈ లోటుకు చికిత్స అవసరం.

ఇక ఏడీహెచ్‌డీతో సంబంధం. ఏకాగ్రతకు తోడ్పడే డోపమిన్ అనే రసాయనం మెదడులో తయారు కావడానికి కావలసిన టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఐరన్ లేనిదే పనిచేయదు. 2004లో పారిస్ పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న 53 మంది పిల్లలలో ఫెరిటిన్ సగటు 23 అనీ, అది లేని 27 మందిలో 44 అనీ చూపారు. అదే బృందం 2008లో ఫెరిటిన్ తక్కువగా ఉన్న 23 మందిపై 12 వారాల పాటు పరీక్ష జరిపింది. ఐరన్ తీసుకున్నవారికి ఒక రేటింగ్ స్కేలు మీద మెరుగుదల కనిపించింది, కానీ తల్లిదండ్రులు, టీచర్లు నింపిన ప్రశ్నావళులలో స్పష్టమైన తేడా రాలేదు. పైగా ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారు అయిదుగురే. ఇంత చిన్న ఆధారంతో మందు మాన్పించమని నేను చెప్పలేను. కాళ్లు లాగడం మాత్రం మీ డాక్టరు గారికి తప్పక చెప్పండి, అది రెస్ట్‌లెస్ లెగ్స్ (కాళ్లు కదపకుండా ఉండలేని ఇబ్బంది) అయితే పిల్లలలో ఫెరిటిన్ 50 లోపు ఉన్నా ఐరన్ ఇస్తారు.

సమాధానం (డైటీషియన్, విజయవాడ)
మిథైల్‌ఫెనిడేట్ ఆకలిని చంపుతుంది, మధ్యాహ్నం టిఫిన్ బాక్సు పెట్టినది పెట్టినట్టే ఇంటికి వస్తుంది. అందువల్ల మందు వేయకముందు ఉదయమూ, ప్రభావం తగ్గాక సాయంత్రమూ గట్టిగా తినిపించండి. అన్నం తినలేదని గ్లాసుల కొద్దీ పాలు తాగించడం మన ఇళ్లలో మామూలే, అయితే పాలలో ఐరన్ దాదాపు ఉండదు, పైగా కడుపు నింపేస్తాయి. భోజనంతో పాటు టీ వద్దు. మాంసం తినేవారైతే మేక లివర్‌లోని ఐరన్ తేలికగా ఒంటబడుతుంది. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే అందులోని ఐరన్ మరికొంత అందుతుంది. కానీ ఫెరిటిన్ 14 ఉన్నప్పుడు తిండి ఒక్కటే సరిపోదు.

సమాధానం (ఫార్మసిస్టు)
బడిలో వారానికొకసారి ఇచ్చే గులాబీ రంగు మాత్రలో 45 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది, అది నివారణకే గానీ ఈ లోటు తీర్చడానికి కాదు. సిరప్ కొనేటప్పుడు సీసా మీద ‘ఎలిమెంటల్ ఐరన్’ (అందులోని అసలు ఐరన్) ఎంత ఉందో చూసి, డాక్టరు గారు బరువును బట్టి రాసిన మోతాదుతో సరిపోల్చుకోండి. మలం నల్లబడితే భయపడనక్కరలేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే సీసాను తాళం వేసిన అలమరలో ఉంచండి, ఐరన్ మోతాదు మించితే ప్రాణం మీదికి వస్తుంది.