కాలువ పక్కన బహువార్షిక మేత గడ్డి: ముప్పు అంచనా ఎలా?

ప్రశ్న (దుగ్గిరాల):
గేదెల పచ్చిమేత కోసం కొమ్మమూరు కాలువ పక్క చేలో గినీ గడ్డి గానీ పారా గడ్డి గానీ వేయాలనుకుంటున్నాను. రెండూ ఆఫ్రికా నుంచి వచ్చినవే. అవి చేను దాటి పాకే ముప్పును ముందే ఎలా అంచనా వేయాలో దయచేసి చెప్పండి.

జవాబు (గుంటూరు):
ఆస్ట్రేలియాలో కొత్త మొక్కను అనుమతించే ముందు అది కలుపుగా మారే ముప్పుకు 49 ప్రశ్నలతో మార్కులు వేస్తారు. మొత్తం 6 దాటితే తిరస్కరిస్తారు, 1 కంటే తక్కువైతే అనుమతిస్తారు, మధ్యలో ఉంటే మరింత పరిశీలిస్తారు. నా దృష్టిలో వాటిలో ముఖ్యమైనది, ఆ మొక్క మరో దేశంలో ఇప్పటికే కలుపుగా మారిందా అన్న ప్రశ్న. చిక్కేమిటంటే, త్వరగా పెరగడం, కోసినా మళ్లీ చిగురించడం వంటి మేతకు మేలైన గుణాలే కలుపుకూ బలం.

జవాబు (తెనాలి):
పారా గడ్డి మాత్రం వద్దండి. దాని కాడ నేలను తాకిన ప్రతి కణుపు దగ్గరా వేరు పోస్తుంది, తెగిన ముక్క నీటిలో కొట్టుకుపోయి ఎక్కడ ఆగితే అక్కడే నాటుకుంటుంది. ఉత్తర ఆస్ట్రేలియా చిత్తడి నేలలను అది అలాగే ఆక్రమించింది. మన మురుగు కాలువలు పూడితే వానాకాలంలో మునిగేది పక్కవారి వరి చేలే.

జవాబు (విజయవాడ):
గినీ గడ్డి గింజ రాల్చి వ్యాపిస్తుంది కనుక కంకి వేయకముందే కోయాలి. కోత తప్పకుండా వేయగలనన్న నమ్మకం లేకపోతే హైబ్రిడ్ నేపియర్ అనే మేత గడ్డి మేలు. అది గింజ కట్టదు, కాడ ముక్కలతోనే నాటాలి. అయినా పీకిన దుబ్బులను కాలువలో వేయకండి.