హేజల్, గస్‌ల ప్రేమకథ: నిజమా, కన్నీళ్ళ వ్యాపారమా?

పుస్తకాల పురుగు:
నిన్న రాత్రి ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్ మళ్ళీ చదివా. కాలేజీలో ఉన్నప్పుడు దిండు తడిసేలా ఏడ్చిన పుస్తకం, ఈసారి చిరాకొచ్చింది. చదవనివాళ్ళకి చెప్తున్నా, జాన్ గ్రీన్ 2012లో రాసింది, ఇండియానాపొలిస్‌లో హేజల్ అని 16 ఏళ్ళ పిల్ల, థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకి ఆక్సిజన్ సిలిండర్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది, సపోర్ట్ గ్రూపులో గస్ కలుస్తాడు, వాడికి ఎముక క్యాన్సర్‌తో ఒక కాలు తీసేశారు. చివర్లో పోయేది వాడే. సరే గానీ, ఏ 17 ఏళ్ళ కుర్రాడు సిగరెట్ వెలిగించకుండా నోట్లో పెట్టుకుని ఇదో మెటాఫర్, అంటే ప్రతీక, అంటాడండీ? జబ్బుకి సెంటు పూసి అమ్మినట్టుంది.

రాత్రి డ్యూటీ:
పిల్లల క్యాన్సర్ వార్డులో నాలుగేళ్ళు నర్సుగా చేశా. మీరన్న ఆ పోజు రచయితకీ తెలుసు, అందుకే పెట్రోల్ బంకు సీను రాశాడు. గస్ అర్ధరాత్రి సిగరెట్ ప్యాకెట్ తనే కొనుక్కోవాలని వెళ్తాడు, పొట్టకి పెట్టిన ట్యూబు చీము పట్టి, ఒళ్ళంతా వాంతితో కార్లో పడుంటాడు, అంబులెన్స్ పిలవొద్దని హేజల్‌ని బతిమాలతాడు. అందులో సెంటు ఎక్కడుంది? ఇంకోటి, మా వార్డులో జోకులేసేది పిల్లలే, బాత్రూమ్‌లోకెళ్ళి ఏడ్చొచ్చేది మేము.

బాల్కనీ టికెట్:
మనకిది కొత్తేం కాదు బ్రో, 1989లోనే గీతాంజలి చూశాం, అక్కడా ఇద్దరికీ ప్రాణాంతకమే. కాకపోతే గుర్తుండేది జబ్బు కాదు, ఊటీ మంచూ పాటలూ. ఇక ఈ నవల హిందీలో దిల్ బేచారా అయ్యి 2020లో వచ్చింది, అప్పటికే హీరో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ చనిపోయాడు, నేను ఏడ్చింది కథకో అతనికో ఇప్పటికీ తెలీదు.

పుస్తకాల పురుగు:
నర్సు గారూ బంకు సీను ఒప్పుకుంటా. మరి ఆమ్‌స్టర్‌డామ్‌లో నాజీలకి దొరక్కుండా ఆన్ ఫ్రాంక్ అనే యూదు పిల్ల దాక్కున్న ఇంట్లో ముద్దు, చుట్టూ టూరిస్టుల చప్పట్లు? దాన్నీ వెనకేసుకొస్తారా?

రాత్రి డ్యూటీ:
అబ్బే, అది నాకూ ఒళ్ళు జలదరించింది 😄 కానీ జాన్ గ్రీన్ ఊరికే ఊహించి రాయలేదు, కుర్రతనంలో పిల్లల ఆసుపత్రిలో చాప్లిన్‌గా, అంటే రోగులకీ ఇంట్లోవాళ్ళకీ ధైర్యం చెప్పే పనిలో, ఉన్నాడు. పుస్తకం అంకితమిచ్చింది కూడా థైరాయిడ్ క్యాన్సర్‌తో 2010లో 16 ఏళ్ళకే పోయిన ఎస్తర్ ఎర్ల్ అనే తన స్నేహితురాలికి. హేజల్ ఆమె కాదని ఆయనే చెప్పాడు.

పిన్నిగారబ్బాయి అన్న:
మా పిన్ని కొడుక్కి గస్‌కొచ్చిన క్యాన్సరే, ఇప్పుడు బానే ఉన్నాడు. కీమో రోజుల్లో ఈ పుస్తకం వాడే నాకిచ్చాడు. వాడికి ప్రేమ ఓకే, సిగరెట్ కూడా ఓకే. నవ్వొచ్చిందల్లా ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర, జబ్బు పిల్లల కోరికలు తీర్చే సంస్థవాళ్ళెవరో వాళ్ళని అక్కడికి పంపిస్తారు కదా, "అన్నా, మనకి స్కాన్‌కే అమ్మ గాజులు పోయాయి" అన్నాడు. పిన్నికి ఇంగ్లీషు రాదు, రోజూ కొంచెం తెలుగులో చెప్పేవాడు. హేజల్ ఐసీయూలో ఉన్నప్పుడు వాళ్ళమ్మ "ఇక నేను అమ్మని కాకుండా పోతా" అని ఏడుస్తుంది చూడండి, ఆ పేజీ మాత్రం చెప్పకుండా తిప్పేశాడు.