84 డాలర్ల రిబై అతిగా కాలి వచ్చింది: ఏమీ అనకుండా తినడం నా పొరపాటేనా?

ప్రశ్న (డల్లాస్ వాసి)

గత శనివారం మా పదవ పెళ్ళిరోజు సందర్భంగా మేమిద్దరం ఇక్కడి ఒక పేరున్న స్టేక్‌హౌస్‌కు వెళ్ళాము. ఏడున్నరకు టేబుల్ ముందే చెప్పుకున్నప్పటికీ కూర్చునేసరికి ఎనిమిది దాటింది. నేను ఎముకతో ఉన్న 22 ఔన్సుల రిబైని (పక్కటెముకల దగ్గరి బీఫ్ ముక్క) మీడియం రేర్‌గా, అంటే లోపల గులాబీ రంగు మిగిలేలా కాల్చమని అడిగాను. మా ఆవిడ బీఫ్ తినదు కనుక సాల్మన్ చేప చెప్పింది. స్టేక్‌తో పాటు పళ్ళెంలో మరేమీ రాదు, పక్కన తినేవన్నీ విడిగా కొనుక్కోవలసిందే కాబట్టి మాక్ అండ్ చీజ్, క్రీమ్డ్ స్పినాచ్ (క్రీములో వండిన పాలకూర) కూడా తెప్పించుకున్నాము.

స్టేక్ వచ్చినప్పుడు పళ్ళెంలో వెన్న తిరగమోత పెట్టినట్టు చిటపటలాడుతోంది. నేను ఇంకా కత్తి పట్టుకోకముందే సర్వర్ అంతా బాగుందా అని అడిగాడు, నేను తల ఊపాను. తీరా కోసి చూస్తే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బూడిద రంగే, ఎముకను ఆనుకుని వేలెడంత మేర మాత్రం గులాబీ రంగు మిగిలింది. అంచున ఉన్న కొవ్వు పట్టీ ఏమాత్రం కరగకుండా రబ్బరులా సాగింది. పాలకూరలో ఉప్పు తప్ప మరో రుచి తెలియలేదు. సర్వర్ రెండోసారి వచ్చి ఎలా ఉందని అడిగితే, నా నోటి నుంచి వచ్చిన మాట "చాలా బాగుంది" అని! మా ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

రిబై 84, సాల్మన్ 52, పక్క వంటకాలు రెండూ కలిపి 33, మాక్‌టెయిల్స్ 28, మొత్తం 197 డాలర్లు. 8.25 శాతం పన్ను, అలవాటుకొద్దీ ఇచ్చిన 20 శాతం టిప్పు కలుపుకుంటే 252 డాలర్ల 65 సెంట్లు అయింది. సగం స్టేక్ డబ్బాలో పెట్టించుకుని వచ్చేశాము.

మీడియం రేర్ అంటే ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా ఉంటుందా? పావు వంతు తిన్నాక వెనక్కి పంపవచ్చా? నాలుగు రోజులు గడిచాక ఇప్పుడు మేనేజరుతో మాట్లాడితే డబ్బుల కోసం అడుక్కున్నట్టు ఉంటుందా?

సమాధానం (ఒకప్పటి లైన్ కుక్, హ్యూస్టన్)

నేను ఇలాంటి వంటగదిలోనే వంటవాడిగా ఆరేళ్ళు బ్రాయిలర్ (పైనుంచి మంట తగిలే పొయ్యి) దగ్గర నిలబడ్డాను. మీడియం రేర్ అంటే మధ్య భాగం 130 నుంచి 135 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉండాలి, ఇందులో చోటును బట్టి ఒకటి రెండు డిగ్రీల తేడా రావచ్చు గానీ మీరు వర్ణించిన బూడిద రంగు 160కి దగ్గరపడ్డ మాంసానిది. మంట మీది నుంచి తీసిన తరువాత కూడా లోపలి వేడి మరో ఐదు డిగ్రీలు, మందపాటి ముక్కల్లో అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. అందుకే మేము 125 దగ్గరే తీసేసేవాళ్ళం. మీ విషయంలో స్టేక్ ముందే తయారై, సాల్మన్ కోసం హీట్ ల్యాంపు కింద ఎదురుచూసి, ఆపైన కాగుతున్న పళ్ళెంలోకి వెళ్ళి ఉంటుందని నా అనుమానం. వెన్న చిటపటలాడేంత వేడి పళ్ళెం చూడటానికి ఘనంగానే ఉంటుంది, కానీ అది మీ టేబుల్ మీద కూడా వంట కొనసాగిస్తూనే ఉంటుంది. అయితే ఈ చివరి నుంచి ఆ చివరికి గులాబీ రంగు పోయిందంటే తప్పు పళ్ళెంది మాత్రమే కాదు, బ్రాయిలర్ దగ్గరే మొదలైంది. ఎముక పక్కన మాంసం నిదానంగా వేడెక్కుతుంది కాబట్టి అక్కడ రంగు నిలిచింది.

కొవ్వు సంగతి వేరు. బ్రాయిలర్ వేడి పైనుంచి పడుతుంది, పక్క అంచుకు సరిగ్గా తగలదు. ముక్కను నిలబెట్టి ఆ అంచును విడిగా కాల్చాలి. రద్దీ రాత్రి ఆ రెండు నిమిషాలు మిగుల్చుకునే వంటవాడిని నేను చాలామందిని చూశాను, నేనూ ఒకటి రెండు సార్లు ఆ పని చేశాను.

రెండు మూడు ముక్కలు తిన్నాక వెనక్కి పంపితే వంటగదిలో ఎవరూ ఏమీ అనుకోరు. సరిగా కాలనిదైతే మళ్ళీ మంట మీద పెడతారు, అతిగా కాలినదాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు కనుక కొత్తది వేస్తారు. సగం తిన్నాక పంపితే మాత్రం ముఖం చిట్లిస్తారు. టిప్పు ఇచ్చి మంచి పని చేశారు, టెక్సాస్‌లో టిప్పులు అందుకునే సర్వర్‌కు యజమాని ఇవ్వవలసిన కనీస నగదు వేతనం గంటకు 2.13 డాలర్లే.

సమాధానం (ఇంటి వంట)

ఇంత లెక్క చెప్పుకునే బదులు కాస్ట్‌కో దుకాణంలో ప్రైమ్ గ్రేడు రిబై కొనుక్కుని ఇంట్లో చేసుకోండి. 250 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి, లోపలి వేడి 115కి రాగానే తీసి, బాగా కాగిన ఇనుప పెనం మీద రెండు వైపులా నిమిషం చొప్పున కాల్చితే చాలు. మెనూలో ప్రైమ్ అని రాసి ఉంటే అది మాంసంలోని కొవ్వు చారల సంగతే చెబుతుంది, వంటవాడి సంగతి చెప్పదు.

సమాధానం (అట్లాంటా అక్కయ్య)

పెళ్ళిరోజున కూడా ఇంట్లో వండుకుని గిన్నెలు తోముకోవాలని చెప్పేవారికి నా నమస్కారం.

డల్లాస్ వాసి గారూ, ఉడిపి హోటల్లో సాంబారులో ఉప్పు తగ్గిందని గట్టిగా కేకేసి చెప్పే మా మామగారు, ఇక్కడ తెల్లటి టేబుల్ గుడ్డ కనబడగానే మీలాగే నోరు మెదపకుండా తిని లేచారు. సాంబారు దగ్గర అడగగలిగిన మనిషి వంద డాలర్ల చోట ఎందుకు జంకుతాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీరు మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య, అంటే డిన్నర్ హడావిడి మొదలవకముందు ఫోన్ చేసి జనరల్ మేనేజరును అడగండి. రసీదు చేతిలో ఉంచుకుని తేదీ, టేబుల్ నంబరు చెప్పండి. సర్వర్ మీద మాత్రం నింద వేయకండి, అతను అడిగినప్పుడు బాగుందన్నది మీరే కదా. మాట్లాడకముందే నక్షత్రాలు తగ్గించి రివ్యూ పెడితే అవతలివారు బిగుసుకుపోతారు.

మళ్ళీ ప్రశ్నించినవారు (డల్లాస్ వాసి)

అందరికీ ధన్యవాదాలు. నిన్న మూడు గంటలకు ఫోన్ చేశాను. మేనేజరు నన్ను ఒక్కటే అడిగారు: అప్పుడే ఎందుకు చెప్పలేదు అని. నా దగ్గర జవాబు లేదు, అదే చెప్పాను. మరోసారి రమ్మని ఆహ్వానిస్తామని, లేదంటే స్టేక్ డబ్బులు వెనక్కి ఇస్తామని అన్నారు. పన్నుతో కలిపి 90 డాలర్ల 93 సెంట్లు కార్డుకు తిప్పి వేయమన్నాను. ఇంటికి తెచ్చిన సగాన్ని ఆదివారం సన్నగా తరిగి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, మిరియాల పొడితో వేపుడు చేసుకున్నాను, అప్పుడు మాత్రం బాగా కుదిరింది.

లైన్ కుక్ గారికి ఇంకొక్క ప్రశ్న. అలాంటి కాగే పళ్ళెం తెచ్చే చోటికి మళ్ళీ వెళ్ళవలసి వస్తే ఇంకా తక్కువ కాల్చే రేర్ అని చెప్పుకోవాలా?

సమాధానం (ఒకప్పటి లైన్ కుక్, హ్యూస్టన్)

వద్దండి, మంచి చేతిలో పడితే నిజంగానే రేర్ వస్తుంది. మీడియం రేరే చెప్పి, మామూలు పళ్ళెంలో పెట్టి తెమ్మనండి. వచ్చిన వెంటనే సర్వర్ పక్కనుండగానే మధ్యలో కోసి చూడండి.