టెర్మినల్ కట్టేది చూడటానికా, వాడటానికా? (టీడబ్ల్యూఏ, డలెస్ గురించి)

నీలిగీత:
న్యూయార్క్‌లో టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థ టెర్మినల్‌ను వాస్తుశిల్పి ఈరో సారినెన్ గీశారు. 1962లో తెరిచారు, 2001లో మూశారు, 2019లో హోటల్‌గా మళ్లీ తలుపులు తీశారు. ఈ వరుసను చూపించి "అందం వెంట పడితే ఇంతే, విమానాశ్రయం కాస్తా లాడ్జి అయింది" అని ఇక్కడి సభ్యుడొకరు వేరే చర్చలో తేల్చేశారు. నాకు సమ్మతం కాదు. పైకప్పుగా నాలుగు కాంక్రీటు చిప్పలు, వాటిని మోసే నాలుగు ఊతాలు, మధ్య సందుల్లోంచి దిగే వెలుతురు. లోపల అడుగు పెట్టగానే ప్రయాణం మొదలైందనిపిస్తుంది. టిక్కెట్టు కొన్నవాడికి ఆ మాత్రం దక్కకూడదా?

మరమ్మతు:
ఆ మాట అన్నది నేనే. ఇప్పుడూ అంటాను. అది 707 విమానాల కాలానికి కొలతలు తీసి కుట్టిన చొక్కా. 1970లో 747 వచ్చింది. ఒక్క విమానంలో ఎక్కి దిగే జనం రెట్టింపు దాటారు. 1973 నుంచి అమెరికాలో ప్రతి ప్రయాణికుడినీ తనిఖీ చేయాలన్నారు. యంత్రాలకు చోటేది, వరుసలకు చోటేది? తిన్నని హాలైతే ఒక గోడ తీసి ముందుకు జరుపుతాం. చిప్పను ఎక్కడ కోస్తారు?

మీలో ఎవరైనా వంపు గోడ పక్కన పని చేశారా? నేను చేశాను, ఏ విమానాశ్రయమో అడగకండి. వంపు గోడకు తిన్నని యంత్రం ఆనదు. వెనక మూలగా సందు మిగులుతుంది. అందులోకి చీపురు దూరదు, చెయ్యి దూరదు, చెత్త మాత్రం దూరుతుంది. పైన దీపం మాడిపోతే నిచ్చెన అందదు. ఆఖరి విమానం వెళ్లాక పరంజా కట్టి, తెల్లవారేలోగా విప్పాలి. పత్రికల్లో అచ్చయ్యే ఫొటోల్లో ఆ పరంజా ఎప్పుడైనా కనిపించిందా?

తూరుపుగాలి:
పక్షి బొమ్మ కట్టి అందులో జనాన్ని కూర్చోబెట్టడమే పొరపాటు.

నీలిగీత:
పక్షిని మనసులో పెట్టుకుని గీయలేదని, కొందరికి అలా కనిపించడం యాదృచ్ఛికమని సారినెన్ స్వయంగా అన్నారు. దయచేసి ఆ పక్షిని వదిలేయండి.

తూరుపుగాలి:
ఆయన ఏమన్నా అది పక్షే. ముక్కు కూడా ఉంది.

నీలిగీత:
మరమ్మతు గారూ, మీ వాదన ప్రకారం ఆకారం మీద మోజు లేని టెర్మినళ్లు బాగా నిలబడాలి కదా. చూద్దాం. 1972లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో వలయాకారపు టెర్మినళ్లు కట్టారు. ఒకే లక్ష్యం: కారు దిగిన ప్రయాణికుడు కొద్ది అడుగుల్లో విమానం ఎక్కాలి. ఇంతకంటే ఉపయోగం ఏముంటుంది? మరుసటి ఏడాదే మీరు చెప్పిన తనిఖీలు వచ్చాయి. ఆ సన్నని వలయాన్ని అద్దాలతో ముక్కలు చేయాల్సి వచ్చింది. చివరికి 2023లో కొత్తది తెరిచారు. బెర్లిన్‌లో టెగెల్ విమానాశ్రయం కూడా అంతే. 1974లో తెరిచిన షట్కోణం, గుమ్మం నుంచి విమానం దాకా నడక సుమారు 30 మీటర్లు. ఒక విమానం దిగి మరొకటి ఎక్కేవారికి మాత్రం అందులో సదుపాయమే లేదు. 2019లో ఆ విమానాశ్రయంలోనే 2.4 కోట్ల మందిని కుక్కారు.

ఇక డలెస్ విమానాశ్రయం. అదే సారినెన్, అదే 1962, వాషింగ్టన్ దగ్గర. బయటికి వాలిన స్తంభాల వరుసల మధ్య ఆరేసిన గుడ్డలా వేలాడే కప్పు. చూడటానికి కట్టిన చిహ్నం కాక మరేమిటది? 1990లలో దాన్ని అవే స్తంభాలు, అదే వంపుతో అటూ ఇటూ పొడిగించి ఇంచుమించు రెట్టింపు చేశారు. కొత్త భాగం ఎక్కడ మొదలైందో చూసేవారికి తెలియదు. పొడిగించే వీలు ఉండాలని ముందే ఆలోచించి గీశారు కాబట్టే అది సాధ్యమైంది.

మరమ్మతు:
డలెస్ గురించి ఇంత రాసి, కదిలే గదుల ఊసే ఎత్తలేదే! ప్రయాణికులు నడవక్కర్లేకుండా చక్రాల గదిలో ఎక్కించి విమానం దగ్గరికి తోలుకుపోవాలన్నది ఆయన ఆలోచన. ఏమైంది? దూరంగా వేరే భవనాలు కట్టుకున్నారు, విమానాలు అక్కడే ఆగసాగాయి, ఆ గదులు భవనాల మధ్య తిరిగే బస్సులయ్యాయి. 2010లో రైలు పెట్టారు. అంటే మీ సారినెన్ లెక్క తప్పింది.

నీలిగీత:
తప్పింది. కానీ ఏ లెక్క తప్పిందో చూడండి. సారినెన్ మనుషులు స్టాప్‌వాచీలు పట్టుకుని విమానాశ్రయాల్లో తిరిగి, ఎవరు ఎంతసేపు నడుస్తున్నారో కొలిచారు. ఆ కొలతల్లోంచి పుట్టినవే కదిలే గదులు. ఆ భవనంలో అన్నిటికన్నా 'ఉపయోగకరమైన' భాగం అదే. అదే ముందు పాతబడింది. మీరు దండగ అనే కప్పు మాత్రం నిలిచింది.

మరమ్మతు:
తప్పిందని ఒప్పుకున్నారు. చాలు.

పాతరేకు:
హోటల్ అయితే బతికినట్టా, పోయినట్టా? అది తేల్చండి ముందు.

నీలిగీత:
నేను రాసింది చదవరు, ఒక్క మాట పట్టుకుని గెలిచానంటారు. మరమ్మతు గారూ, అసలు సంగతి మీకు అందమంటే గిట్టదు. జనాన్ని మూటల్లా ఒక గుమ్మంలోంచి తోసి మరో గుమ్మంలోంచి దింపే గోదాము చాలు మీకు.

మరమ్మతు:
గిట్టదా? సరే, ఒక గోదాము కాని టెర్మినల్ సంగతి వినండి. పేరు చెప్పను, పెద్దపెద్ద బహుమతులు వచ్చాయి దానికి. హాలు నడిబొడ్డున విశాలమైన మెట్లు. లిఫ్టు ఎక్కడో వెనక స్తంభం చాటున, ఎందుకంటే ముందుంటే దృశ్యం చెడుతుందట. గుర్తు పలకది గోడ రంగే. మా అమ్మకు మోకాళ్లు పనిచేయవు. ఆ మెట్ల కింద నిలబడి ఆవిడా పైకే చూసింది. కప్పు కోసం కాదు, లిఫ్టు కోసం. నేను సామాను వదిలేసి వెతకడానికి పోయాను. ఈలోగా ఫొటోకు అడ్డొస్తున్నారని, కాస్త పక్కకు జరగమని ఆవిడను ఎవరో అడిగారట.

మీ అబ్బురం కాళ్లు గట్టిగా ఉన్నవారికే అందుతుంది. టీడబ్ల్యూఏలోనూ అంతే. అందరూ మెచ్చుకునే ఆ ఎర్ర సోఫాల గుంట చూడండి, మెట్లు దిగనిదే దక్కదు.

చుక్కలపల్లకి:
మా నాన్నగారికీ ఇదే జరిగింది. లిఫ్టు దాచడం ఏమి సౌందర్యమో.

నీలిగీత:
మీ అమ్మగారికి జరిగింది అన్యాయం. కానీ లిఫ్టు దాచిన మనిషి తప్పును కప్పు మీద రుద్దకండి.

నా బాధ కూడా వినండి. నేను టెర్మినల్ గీసే జట్టులో పనిచేశాను. ఖర్చు పేరు చెప్పి ఎత్తు తగ్గించారు, పైనుంచి వెలుతురు వచ్చే కిటికీలు తీసేశారు, దాచిన లిఫ్టు లాంటివేవీ లేని తిన్నని హాలు ఒక్కటే మిగిల్చారు. మీరు కోరుకునేది అదే కదా? తెరిచేనాటికి హాలు నిండా దుకాణాలు. తనిఖీ దాటినవాడు ఎటు పోవాలన్నా సెంటు సీసాల మధ్య మెలికలు తిరుగుతూ పోవాల్సిందే. దారిని వంకర చేసింది శిల్పి కాదండీ, అద్దె. మీరు 'వృథా' అని చెరిపించిన ప్రతి అడుగూ ప్రయాణికుడికి చేరలేదు, వ్యాపారికి చేరింది. ఎత్తయిన కప్పు కింద ఖాళీ జాగా చూస్తే నాకు దుబారా కనిపించదు, ఇంకా అమ్ముడుపోని చోటు కనిపిస్తుంది.

మరమ్మతు:
ఇది ముందే చెప్పవలసింది. దుకాణాల విషయంలో మీతో నాకు పేచీ లేదు. ఆ దుకాణాల వెనక కూడా సందులున్నాయి, వాటినీ నేనే ఊడ్పించాను.

నా పేచీ వేరు. కప్పు ఉండాలా వద్దా అని కాదు. గీసేవారు ప్రారంభోత్సవం రోజు కోసం గీస్తారు, ఆ మర్నాటి నుంచి మేముంటాం. యంత్రం ఎక్కడ ఆనుతుంది, దీపం ఎవరు మారుస్తారు అని నక్షా దశలో మమ్మల్ని ఎవరూ అడగరు. బిగించాక అడుగుతారు, అదీ "ఇంకా ఎందుకు కాలేదు" అని.

నీలిగీత:
మిమ్మల్ని అడిగి ఉంటే ఆ కప్పులు కట్టనిచ్చేవారా?

మరమ్మతు:
డలెస్‌ది కట్టనిచ్చేవాణ్ని. ఒకే కొలత స్తంభం, ఒకే వంపు, పొడిగించడానికి చోటు. టీడబ్ల్యూఏది కట్టనిచ్చేవాణ్ని కాదు.

నీలిగీత:
నేను రెండూ కట్టేవాణ్ని. ఇద్దరం ఒప్పుకోనిది అక్కడే. అవి రెండూ ఒకే కార్యాలయంలో, ఇంచుమించు ఒకే కాలంలో రూపుదిద్దుకున్నవి. ఒకటి తెగించి గీసిన చెయ్యే రెండోదాన్నీ గీసింది.

తూరుపుగాలి:
డలెస్ కూడా పక్షేనేమో.

మరమ్మతు:
తెగింపు మీది, పరంజా మాది. అందుకే అడుగుతున్నాను, నక్షా మీద సంతకాలు పెట్టేవారిలో మరమ్మతు విభాగం మనిషి ఒకడు ఉండాలా, వద్దా?

నీలిగీత:
ఉండాలి. వద్దనే అధికారం మాత్రం ఉండకూడదు.

మరమ్మతు:
అయితే పిలవడం ఎందుకు, టీ తాగి పోవడానికా?