ఆర్టీఓ చలాన్ పేరుతో వచ్చిన ఏపీకే ఇన్‌స్టాల్ అయింది, డబ్బు ఇంకా పోలేదు. ముందు ఏం చేయాలి?

గోదారిగట్టు:
మా బాబాయి ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఊరి వాట్సాప్ గ్రూపులో ఆర్టీఓ చలాన్ అని ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వచ్చింది. పంపింది తెలిసినాయనే కదా అని నొక్కేశారు. ఎస్సెమ్మెస్, కాల్స్ పర్మిషన్లు అడిగితే అన్నిటికీ అలో కొట్టారు. ఇప్పుడు ఆ యాప్ ఐకానే కనిపించట్లేదు. యూపీఐ యాప్, బ్యాంకు యాప్ రెండూ అదే ఫోన్‌లో ఉన్నాయి. ఖాతాలో డబ్బు అలాగే ఉంది. ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తే సరిపోతుందా?

సిగ్నల్‌టవర్:
రీసెట్ తర్వాత చూద్దాం. ముందు సిమ్ తీసేయించండి, ఇప్పుడే.

ఈ యాప్‌లు బతికేదే ఎస్సెమ్మెస్ మీద. వచ్చిన ప్రతి ఓటీపీ చప్పుడు లేకుండా మోసగాళ్లకి వెళ్లిపోతుంది. యూపీఐ రిజిస్ట్రేషన్‌కి మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. పర్మిషన్ ఉంది కాబట్టి దాన్ని ఈ యాపే పంపేస్తుంది, యూపీఐ వాళ్ల ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఇక పిన్ పెట్టడానికి డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, ఎక్స్‌పైరీ, ఓటీపీ ఉంటే చాలు. కార్డు లేకపోయినా ఆధార్ మొదటి 6 అంకెలు, ఓటీపీలతో పని జరుగుతుంది. ఆధార్ జిరాక్స్ మనం ఎన్నిచోట్ల ఇచ్చి ఉంటామో ఆలోచించండి. ఆ యాప్ తెరిచినప్పుడు కార్డు నంబరో, పిన్నో ఎక్కడైనా కొట్టారేమో బాబాయిగారిని మెల్లగా అడగండి. తిడితే చెప్పరు.

చేయాల్సిన వరుస ఇది. ఫోన్‌లో ఫ్లైట్ మోడ్ వేయండి. ఫ్లైట్ మోడ్‌లోనూ కొన్ని ఫోన్లలో వైఫై ఆగదు, అది విడిగా ఆపండి. సిమ్‌లు రెండుంటే రెండూ తీసి బటన్ ఫోన్‌లో వేయండి. అందులోంచి *#21# కొడితే కాల్స్ ఎటైనా ఫార్వర్డ్ అవుతున్నాయేమో తెలుస్తుంది. ఫార్వర్డింగ్ ఉండేది నెట్‌వర్క్‌లో, ఫోన్ మార్చినా పోదు. ##002# కొడితే అన్నీ రద్దవుతాయి. ఫోన్ కాల్‌లో చెప్పే ఓటీపీలు పట్టుకోవడానికే వాళ్లు ఆ పని చేస్తారు.

ఆ వెంటనే బ్యాంకుకి ఫోన్. నంబరు కార్డు వెనకో, పాస్‌బుక్ మీదో చూసి కొట్టండి. గూగుల్‌లో వెతకొద్దు, అక్కడ దొంగ కస్టమర్ కేర్ నంబర్లుంటాయి. చాలామంది కార్డు బ్లాక్ చేయించి ఊరుకుంటారు. కార్డు ఆగినా యూపీఐ ఆగదు. "యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు మూడూ ఆపండి, డెబిట్ ఫ్రీజ్ పెట్టండి" (అంటే ఖాతాలోంచి డబ్బు బయటకి వెళ్లకుండా ఆపడం) అని అడిగి ఫిర్యాదు నంబరు రాసుకోండి.

రిపేర్‌టేబుల్:
ఫోన్ సంగతి. రీసెట్ ముందు ఆ వాట్సాప్ మెసేజ్, పంపినవారి నంబరు, ఫైలు పేరు, టైము కనిపించేలా వేరే ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. రీసెట్ అయ్యాక ఆధారం మిగలదు.

ఐకాన్ దాక్కున్నా సెట్టింగ్స్‌లో యాప్స్ మొత్తం జాబితాలో దొరుకుతుంది. పేరు ఖాళీగానో, గూగుల్ వాళ్లదేమో అనిపించేలానో ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ బటన్ మసకబారి ఉందంటే డివైస్ అడ్మిన్ హక్కు (ఫోన్‌పై అదనపు అధికారం) తీసుకుందన్నమాట. సెట్టింగ్స్ సెర్చ్‌లో "డివైస్ అడ్మిన్" కొట్టి టిక్ తీసేయండి. యాక్సెసిబిలిటీలో కూడా తెలియని పేరుంటే ఆపండి. అవి తెరవనీయకుండా వెనక్కి నెట్టేస్తుంటే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరుచుకునే పద్ధతి) ఆన్ చేసి తీయండి.

తీశాక కూడా రీసెట్ కొట్టండి. అది ఇంకోదాన్ని దించిందో లేదో చూసి చెప్పడం కష్టం. ఫొటోలు, కాంటాక్టులు దాచుకోండి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మాత్రం వెనక్కి తేవద్దు. జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. చివరగా "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్"లో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడింటికీ అనుమతి తీసేయండి. ప్లే స్టోర్‌లో దొంగ యాప్‌లని పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

గోదారిగట్టు:
సిమ్ తీశాం, బ్యాంకు వాళ్లు ఫ్రీజ్ పెట్టారు. కార్డు నంబరేదీ కొట్టలేదట. కానీ బాబాయి నంబరు నుంచి ఇప్పుడు బంధువులందరికీ అదే ఫైలు వెళ్తోంది!

సిగ్నల్‌టవర్:
ఓటీపీతో ఆయన వాట్సాప్‌ని వాళ్ల ఫోన్‌లో తెరిచారు. గ్రూపులో తెలిసినాయన పేరుతో రావడానికి కారణం కూడా ఇదే అయ్యుంటుంది, ఆయనకీ చెప్పండి. శుభ్రంగా ఉన్న ఫోన్‌లో బాబాయి నంబరుతో వాట్సాప్ రిజిస్టర్ చేయండి. బటన్ ఫోన్‌కి వచ్చే 6 అంకెల కోడ్ కొట్టగానే వాళ్లు బయటకి పోతారు. అయితే వాళ్లు టూ-స్టెప్ పిన్ (కోడ్ తర్వాత వాట్సాప్ అడిగే రెండో పిన్) పెట్టేసి ఉంటే మీకు లోపలికి వెళ్లడానికి 7 రోజులు ఆగాలి. ఆ 7 రోజులూ వాళ్లు కూడా వాడలేరు, కంగారు పడొద్దు. లోపలికి వెళ్లాక లింక్డ్ డివైసెస్ అన్నీ తీసేసి మీ పిన్ పెట్టండి. ఈలోగా గ్రూపు అడ్మిన్లకి ఫోన్ చేస్తే ఆ ఫైలుని అందరికీ కనిపించకుండా డిలీట్ చేయగలరు.

చలాన్ నిజంగా ఉందా అన్నది పరివాహన్ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు. చలాన్ ఎప్పుడూ ఏపీకేగా రాదు.

పాస్‌బుక్:
ఒకవేళ డబ్బు కదిలితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కొట్టండి. పేరు, ఖాతా నంబరు, మొత్తం, టైము, స్టేట్‌మెంట్‌లోని 12 అంకెల యూటీఆర్ (ఆ లావాదేవీ నంబరు) దగ్గర పెట్టుకోండి. వాళ్లు డబ్బు చేరిన ఖాతాని ఆపించే ప్రయత్నం చేస్తారు. అక్కడి నుంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి ఏటీఎంకి వెళ్లేలోపు అందుకోవాలి, అందుకే తొందర. తర్వాత నేషనల్ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నింపాలి.

బ్యాంకుకి ఫోన్‌తో ఆగకుండా ఇప్పుడే, డబ్బు పోకముందే, టైముతో సహా మెయిల్ పంపించండి. ఆర్‌బీఐ 2017 జులై 6 సర్క్యులర్‌తో తెచ్చిన నియమం ప్రకారం కస్టమర్ నిర్లక్ష్యం వల్ల పోయినా, ఫిర్యాదు చేసిన తర్వాత జరిగిన నష్టం బ్యాంకుదే. ఏపీకే వేసుకున్నది మీరే కదా అని వాళ్లు వాదిస్తారు, అప్పుడు ఆ మెయిలే మీ ఆధారం. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో రాయొచ్చు, రుసుము లేదు. మోసగాళ్ల ఖాతాలో ఆగిన డబ్బు దానంతటది వెనక్కి రాదు, పెద్ద మొత్తాలకి కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇప్పిస్తున్నారు. ఫిర్యాదు అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు అక్కడ అడుగుతారు, పాస్‌బుక్ వెనక పేజీలో రాసి ఉంచండి.