ఖమ్మంలో పడమర ముఖం ఇల్లు: శ్లాబు వేడికి ఏం చేయాలి?

ఖమ్మం_కొత్తిల్లు:
150 గజాల్లో కడుతున్నాం. వచ్చే నెల శ్లాబు. ఇప్పుడున్న అద్దింట్లో మే నెలలో రాత్రి పదింటికి కూడా ఫ్యాను వేడిగాలే కొడుతుంది. అమ్మ తడి దుప్పటి కప్పుకుని వరండాలో పడుకుంటుంది. కొత్తింట్లో ఆమెకి నైరుతి గది ఇస్తున్నాం, అక్కడ ఈ బాధ ఉండకూడదు. గోడలకి ఎర్ర ఇటుకా, లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ సిమెంటు బ్లాకులా? మేస్త్రి మాత్రం రెండు టన్నుల ఏసీ పెట్టించుకోమంటున్నాడు.

రెంటచింతల_రైతు:
అన్నా, మాది రెంటచింతల. ఎండ సంగతి మా ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. నేనూ డబ్బంతా గోడలకే పోసి కప్పు వదిలేశాను. మొదటి వేసవిలో రాత్రి పదకొండింటికి నిచ్చెనెక్కి శ్లాబు అడుగున చెయ్యి పెడితే, అప్పుడే అన్నం వార్చిన గిన్నెలా ఉంది. పగలంతా తాగిన ఎండని రాత్రి మన మీదికి వదులుతుంది.

తర్వాతి ఏడాది వాటర్‌ప్రూఫింగ్ చేయించి, వేడిని ఆపే రెండంగుళాల ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీట్లు పరిపించి, మెష్‌తో కాంక్రీటు, ఆపైన తెల్ల టైలు ముక్కలు వేయించాను. మామూలు ధర్మాకోల్ వద్దు, తడి పీలుస్తుంది. ఇప్పుడు అక్కడే చెయ్యి పెడితే గోడకీ శ్లాబుకీ తేడా తెలియదు. ఒక్కచోట తప్ప. పిట్టగోడ పక్కన జానెడు వదిలేశారు, ఆ పట్టీ కింద ఇప్పటికీ వెచ్చగా తగులుతుంది. ఆ రోజు నేను దగ్గరుండాల్సింది.

సివిల్_వరంగల్:
రెంటచింతల అన్న మాట నిజం. ఇళ్ళలో కరెంటు పొదుపు కోసం కేంద్రం తెచ్చిన 2018 ఎకో నివాస్ సంహిత ప్రకారం, బయటికీ లోపలికీ ఒక డిగ్రీ తేడాకి చదరపు మీటరు కప్పు నుంచి 1.2 వాట్లకి మించి వేడి దిగకూడదు. ఉత్త శ్లాబు అందుకు రెట్టింపు దాటుతుంది. ముందు కప్పు, తర్వాత పడమటి గోడ, ఆ తర్వాతే ఏసీ.

నైరుతి గది వాస్తు ప్రకారం ఇంటి పెద్దలకే ఇస్తారు, సాయంత్రం ఎండ కూడా ఆ గోడకే. మార్చమని అనను. ఆ గోడ ఎనిమిదంగుళాల ఏఏసీతో కట్టి, వేడికి అడ్డుగా లోపల గోడ పొడవునా అల్మరాలు పెట్టండి. పిల్లరు, బ్లాకు కలిసే చోట మెష్ మరవకండి, లేదంటే పగుళ్ళొస్తాయి. నాలుగింటి ఎండ ఏటవాలుగా వస్తుంది, సజ్జా ఆపలేదు. కిటికీకి బయట వెదురు చాప కట్టండి. మంచం పైన తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను పెడితే, మామూలు ఫ్యాను తినే 75 వాట్ల చోట 30 చాలు.

ఖమ్మం_కొత్తిల్లు:
చాలా థాంక్స్ అండి. షీటు పిట్టగోడ అంచుదాకా రావాలని కాగితం మీద రాసి మేస్త్రికిచ్చాను. షీట్లు పరిచే రోజు సెలవు పెట్టి అక్కడే ఉంటాను. అల్మరాలు ఎన్ని కావాలో అమ్మ ఇప్పటికే లెక్కేస్తోంది.