కిమ్ డీల్ బేస్ ఇంత సులువుగా ఉంటే అందరూ ఆవిడ పేరే ఎందుకు చెబుతారు?

నాలుగు తీగలు:

అందరికీ నమస్తే. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను, బేస్ గిటార్ మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. మా కాలేజీ బ్యాండ్‌లో గిటార్‌కి అప్పటికే ఇద్దరున్నారు, బేస్‌కి ఎవరూ లేరు, అందుకని నేను ఇటు వచ్చాను. వచ్చాక బాగా ఇష్టం పట్టుకుంది, రోజూ రెండు గంటలు స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టే పద్ధతి), వేళ్ల స్పీడు ఇవే సాధన చేస్తున్నాను. పోయిన నెల సీనియర్ అన్న ఒకరు "ముందు అవన్నీ ఆపి పిక్సీస్ అనే రాక్ బ్యాండ్ విను, అందులో బేస్ వాయించే కిమ్ డీల్ ఏం చేస్తుందో చూడు" అన్నారు.

విన్నాను. వేర్ ఈజ్ మై మైండ్ ఒక్క సాయంత్రంలో చేతికొచ్చేసింది. ఇ, సి షార్ప్, జి షార్ప్, ఎ, చాలావరకు ఈ నాలుగు రూట్ నోట్లే (కార్డుకు మూలమైన స్వరాలు), పిక్‌తో ఒకే వేగంలో కొట్టుకుంటూ పోవడమే. పాట అద్భుతం, అందులో అనుమానం లేదు. కానీ బేస్ ప్లేయర్‌గా ఆవిడ గొప్పతనం ఎక్కడుందో నాకు నిజంగా తెలియడం లేదు. ఆవిడ గురించి, ఆవిడ కెరీర్ గురించి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెబుతారా?

ఇంకోటి కూడా అడగాలి. నేను ఒక పాట రాసి మావాళ్లకు వినిపిస్తే "నువ్వు బేస్ చూసుకో చాలు" అన్నారు. అప్పట్నుంచి మనసు బాగాలేదు. బేసిస్టులు పాటలు రాయడం, పాడడం అంత అరుదా?

పాత ఆంప్:

తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకు జవాబు ఆవిడ జీవితంలోనే ఉంది, కాబట్టి మొదట్నుంచి చెబుతాను, ఓపిగ్గా చదువు.

కిమ్ డీల్ పుట్టింది 1961లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్‌లో. కెల్లీ అని కవల చెల్లెలుంది. ఇద్దరూ టీనేజ్‌లోనే ఇంట్లో పాటలు రికార్డు చేసుకుంటూ, దగ్గర్లోని బార్లలో పాడుతూ పెరిగారు. బ్రీడర్స్ అనే పేరు ఆ రోజుల్లో అక్కాచెల్లెళ్లు పెట్టుకున్నదే. అప్పటికి కిమ్ చేతిలో ఉన్నది గిటార్. ఆవిడ బేసిస్టు కాదు!

పెళ్లయ్యాక భర్తతో బోస్టన్ వెళ్లింది. 1986 జనవరిలో అక్కడి వారపత్రికలో ఒక ప్రకటన చూసింది. హస్కర్ డూ అంటే, పీటర్ పాల్ అండ్ మేరీ అంటే ఇష్టమున్న బేసిస్టు కావాలి అని. ఒకటి చెవులు పగిలే పంక్ బ్యాండ్, ఇంకోటి మెత్తటి ఫోక్ గ్రూపు, రెండూ ఇష్టమయ్యే మనిషి దొరకడం కష్టమే కదా. ప్రకటన ఇచ్చింది చార్ల్స్ థాంప్సన్ (తర్వాత బ్లాక్ ఫ్రాన్సిస్ అని పేరు పెట్టుకున్నాడు), జోయీ శాంటియాగో. దానికి స్పందించి వచ్చింది కిమ్ ఒక్కర్తే, అదీ బేస్ లేకుండా. తర్వాత చెల్లెలి బేస్ అరువు తెచ్చుకుంది, ఆరియా ప్రో టూ అనే జపాన్ కంపెనీది. డ్రమ్స్‌కి కెల్లీని అనుకున్నారు కానీ కుదరలేదు, కిమ్ భర్తకు తెలిసిన డేవిడ్ లవరింగ్ వచ్చాడు. పిక్సీస్ అలా తయారైంది.

1987లో కమ్ ఆన్ పిల్‌గ్రిమ్, 1988లో సర్ఫర్ రోజా. ఈ రెండింటి మీదా ఆవిడ పేరు మిసెస్ జాన్ మర్ఫీ అనే ఉంటుంది, తర్వాతి ఆల్బమ్ డూలిటిల్ నాటికి సొంత పేరుకు వచ్చేసింది. సర్ఫర్ రోజాను రికార్డు చేసినవాడు స్టీవ్ ఆల్బినీ. నువ్వు నేర్చుకున్న పాటలో వెనక నుంచి "ఊ" అని దూరంగా ఒక గొంతు వినిపిస్తుంది చూడు, అది కిమ్‌దే. ఆ గొంతును స్టూడియో బాత్రూమ్‌లో రికార్డు చేసి ఆ గోడల మారుమోత పట్టారు. బుర్రకథలో వంతలు లేకుండా కథకుడు ఒక్కడే చెబితే ఎలా ఉంటుందో, ఆ గొంతు తీసేస్తే ఆ పాట అలా ఉంటుంది.

ఇక బేస్ సంగతి. పిక్సీస్ పాటల్లో చాలాసార్లు పల్లవి దగ్గర గిటార్లు విరుచుకుపడతాయి, చరణం రాగానే పక్కకు తప్పుకుంటాయి. అప్పుడు మిగిలేది డ్రమ్స్, బేస్, ఒక గొంతు. అంటే చరణమంతా మోస్తున్నది ఆవిడ వాయించే ఆ నాలుగు స్వరాలే. అక్కడ ఆవిడ ఫిల్స్ (మధ్యలో ఖాళీ నింపే అలంకారాలు) వేసి, స్లాప్ కొట్టి ఉంటే చరణం నిండిపోయేది, తర్వాత వచ్చే గిటార్ దెబ్బకు బలం ఉండేది కాదు. పైగా శాంటియాగో గిటార్ అంతా వంకర్లు, సాగదీతలు, ఫ్రాన్సిస్ అరుపులు ఎటు పోతాయో తెలియదు, కింద ఎవరో ఒకరు కదలకుండా నిలబడకపోతే మొత్తం కూలిపోతుంది. డీబేసర్ విను, పాట మొదలయ్యేదే ఒంటరి బేస్‌తో. జైగాంటిక్ కూడా అంతే.

కిమ్ లాగా నాలుగు నిమిషాలు ఎనిమిదో నోట్లు (ఒక్కో బీట్‌కు రెండు) ఒకే బరువుతో కొట్టి ఫోన్‌లో రికార్డు చేసి విను. నోట్లు ఒక్క సాయంత్రంలో వస్తాయి, ఆ నిలకడ రావడానికి నాకైతే రెండేళ్లు పట్టింది. కొడుతూనే పాడాలి, అది మర్చిపోకు.

క్యాసెట్ కాలం:

పాత ఆంప్ గారు చెప్పింది బాగుంది కానీ ఒక మాట. పిక్సీస్ పాటల్లో దాదాపు అన్నీ ఫ్రాన్సిస్‌వే. ఆ నెమ్మది-గోల-నెమ్మది పద్ధతి కూడా ఆయన రాతలోంచి వచ్చిందే. కిమ్ డీల్ అంటే నాకూ ఇష్టమే, కానీ పిక్సీస్ అంతా ఆవిడే అన్నట్టు ఈ మధ్య కొందరు రాస్తున్నారు, అది న్యాయం కాదు. ఆవిడ సొంత ప్రతిభ చూడాలంటే ఆవిడ సొంత బ్యాండ్ బ్రీడర్స్ వినాలి. వాళ్ల కెనన్‌బాల్ పాట మొదట్లో వచ్చే బేస్ ఒక్కటి చాలు ఆవిడ ఏంటో చెప్పడానికి.

పాత ఆంప్:

ఫ్రాన్సిస్ విషయంలో మీరన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ కెనన్‌బాల్ బేస్ కిమ్‌ది కాదండీ, జోసెఫీన్ విగ్స్‌ది. బ్రీడర్స్‌లో కిమ్ గిటార్ వాయిస్తూ పాడుతుంది. ఆ బేస్ మొదలులో ఒక స్వరం అర మెట్టు తప్పుగా పడుతుంది, బ్యాండ్ అంతా అందుకునేసరికి సరైన చోటికి వచ్చేస్తుంది. రిహార్సల్‌లో పొరపాటున పడ్డది బాగుందని అలాగే ఉంచేశారు. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, ఎందుకంటే అక్కడ పాట కిమ్‌ది, బ్యాండ్ కిమ్‌ది, అయినా తన బేసిస్టు చేతిలో పడిన తప్పును తీసెయ్యకుండా పాటకే గుర్తుగా ఉంచింది. తను బేసిస్టుగా ఉన్నప్పుడు తనకు దొరకని చోటు ఇంకొకరికి ఇచ్చింది అని నాకు అనిపిస్తుంది (ఇది నా అభిప్రాయం మాత్రమే).

తమ్ముడూ, నీ బాధకు దగ్గరగా ఉండే భాగం ఇదే. జైగాంటిక్ కిమ్ ఫ్రాన్సిస్‌తో కలిసి రాసింది, పాడింది ఆవిడే, 1988లో బ్యాండ్ నుంచి సింగిల్‌గా వచ్చింది. జనం ఆ పాట కోసం అరిచేవాళ్లు. కానీ 1989లో డూలిటిల్ వచ్చేనాటికి ఆవిడ రాతకు దక్కిన చోటు సిల్వర్ అనే చిన్న పాటలో సగం వాటా. 1990లో బోసనోవా, 1991లో ట్రోంప్ ల మోండ్, ఈ రెండింట్లో ఆవిడ రాసిన పాట ఒక్కటి కూడా లేదు. ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. ఆవిడ చేసిందేంటంటే, బ్యాండ్‌లో ఉంటూనే త్రోయింగ్ మ్యూజెస్ అనే బ్యాండ్ గిటారిస్టు తాన్యా డొనెలీతో, జోసెఫీన్ విగ్స్‌తో కలిసి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో వెళ్లి, మళ్లీ ఆల్బినీ దగ్గరే పాడ్ అనే ఆల్బమ్ చేసుకొచ్చింది. 1990లో విడుదలైంది. నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్ తనకు బాగా నచ్చిన ఆల్బమ్‌లలో దాన్ని ఒకటిగా చెప్పేవాడు, పిక్సీస్‌లో కిమ్‌ను ఇంకా పాటలు రాయనిచ్చి ఉండాల్సిందని కూడా అన్నాడు. 1992లో నిర్వాణ యూరప్ టూర్‌లో వాళ్లకు ముందు వాయించింది బ్రీడర్సే.

1993 మొదట్లో ఫ్రాన్సిస్ రేడియోలో పిక్సీస్ అయిపోయిందని చెప్పాడు, కిమ్‌కు కబురు ఫ్యాక్స్‌లో వెళ్లింది. అదే ఏడాది ఆగస్టులో బ్రీడర్స్ లాస్ట్ స్ప్లాష్ వచ్చింది. అమెరికాలో ప్లాటినమ్ అయింది, అంటే పది లక్షల కాపీలు దాటింది. పిక్సీస్ ఆల్బమ్ ఏదీ అప్పటికి అంత దూరం వెళ్లలేదు. అందులో లీడ్ గిటార్ ఎవరో తెలుసా? కెల్లీ. అక్క కోసం దాదాపు అప్పటికప్పుడు గిటార్ నేర్చుకుని వచ్చింది.

ఒహాయో నుంచి ఒక అక్క:

ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. మేం కొలంబస్‌లో ఉంటాం, డేటన్ ఇక్కడికి గంటంపావు దూరం. నేను సంగీతం వాయించేదాన్ని కాదు, వినేదాన్ని మాత్రమే, కాబట్టి బేస్ గురించి చెప్పను. లాస్ట్ స్ప్లాష్ తర్వాత ఏమైందో ఎవరూ రాయలేదు, నాకు ఆవిడ దగ్గరైంది ఆ తర్వాతి కాలంతోనే.

ఆ విజయం వచ్చిన ఏడాదికే కెల్లీ హెరాయిన్ కేసులో అరెస్టయింది, చికిత్సకు వెళ్లింది, బ్యాండ్ ఆగిపోయింది. కిమ్ 1995లో ఆంప్స్ అని ఇంకో బ్యాండ్‌తో ఒక ఆల్బమ్ చేసింది, తర్వాత బ్రీడర్స్ పేరుతో మళ్లీ ఆల్బమ్ రావడానికి 2002 దాకా పట్టింది. తాగుడు, డ్రగ్స్ ఆవిడనూ వదల్లేదు, అదే ఏడాది తనూ రిహాబ్‌కు వెళ్లి బయటపడింది. ఇవన్నీ ఆవిడే ఇంటర్వ్యూల్లో దాచకుండా చెప్పింది. 2004లో పిక్సీస్ మళ్లీ కలిసింది, పెద్ద పెద్ద స్టేజీలు, చాలా ఏళ్లు తిరిగింది. కొత్త ఆల్బమ్ కోసం వేల్స్‌లో రికార్డింగ్ మొదలైనప్పుడు, ఆవిడ ఆ పని మధ్యలోనే బ్యాండ్ వదిలేసి వచ్చేసింది, ఆ సంగతి 2013లో బయటికి చెప్పారు.

ఇంటికి అంటే డేటన్‌కి. వాళ్లమ్మకు ఆల్జీమర్స్. న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ లాంటి చోట్ల ఉండగలిగిన మనిషి ఆ ఊళ్లోనే ఉండి ఏళ్ల తరబడి తల్లిని చూసుకుంది. ఒకరోజు ఇంట్లో నడుస్తుంటే వాళ్లమ్మ ఆపి "నువ్వు నాదానివేనా?" అని అడిగిందట. కూతురు అని గుర్తులేదు, కానీ తనకు ఏదో అవుతుందని మాత్రం తెలుస్తోంది. ఆ మాటే ఆర్ యూ మైన్ అనే పాట అయింది. మా అమ్మ గుంటూరులో ఉంటుంది, రెండేళ్లుగా ఇదే జబ్బు. ఫోన్ చేస్తే "ఎవరమ్మా నువ్వు, గొంతు బాగుంది" అంటుంది. మొదటిసారి ఆ పాట విన్నప్పుడు కారు పక్కన ఆపేసి కూర్చుండిపోయాను. ప్రేమ పాటలా మెల్లగా నడుస్తుంది, తెలియనివాళ్లు ప్రేమ పాటే అనుకుంటారు.

తర్వాత కిమ్ తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. 2024 మే నెలలో ఆల్బినీ పోయాడు, నవంబర్‌లో ఆవిడ మొదటి సోలో ఆల్బమ్ వచ్చింది, నోబడీ లవ్స్ యూ మోర్. ఆయన రికార్డు చేసిన పాటలు కూడా అందులో ఉన్నాయి. సొంత పేరుతో మొదటి ఆల్బమ్, 63 ఏళ్ల వయసులో! నాలుగు తీగలు తమ్ముడూ, నీకు ఇరవై అనుకుంటా. పాట పక్కన పెట్టకు నాన్నా, ఎవరు ఏమన్నా.

క్యాసెట్ కాలం:

కెనన్‌బాల్ సంగతి నాది పొరపాటే, ముప్పై ఏళ్లుగా తప్పుగా అనుకుంటున్నాను, దిద్దినందుకు థాంక్స్. అక్కా, మీ అమ్మగారి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆవిడ మీ గొంతు బాగుందంటున్నారు కదా, రోజూ చేయండి.

ఒకటి కలుపుతాను. 2024లో పాప్ గాయని ఒలీవియా రోడ్రిగో తన గట్స్ టూర్‌లో న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ కచేరీలకు బ్రీడర్స్‌ను ఓపెనింగ్‌కి పిలిచింది. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తన ఫోన్‌లో కెనన్‌బాల్ మోగుతుంటే నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. నా దగ్గర ఆ క్యాసెట్ ఇంకా ఉంది, చూపిస్తే ముట్టుకుని చూసింది.

నాలుగు తీగలు:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇన్ని రాస్తారని అనుకోలేదు. రెండు రోజులు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే అన్న చెప్పినట్టు రికార్డు చేసి విన్నాను. మొదటి నిమిషం బాగానే ఉంది, రెండో నిమిషానికి తెలియకుండానే వేగం పెరిగిపోతోంది, మూడో నిమిషంలో మణికట్టు పట్టేసి కొన్ని నోట్లు గట్టిగా, కొన్ని నీరసంగా పడుతున్నాయి. పాడుతూ కొడితే మరీ ఘోరం. మా డ్రమ్మర్‌ని ఒక్కడినే పిలిచి ఇద్దరం గంటసేపు అదే కొట్టాం, కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) మీద నా నోటు సరిగ్గా పడినప్పుడు ఛాతీలో తెలుస్తోంది, ఇన్నాళ్లూ అది నాకు తెలియనే తెలియదు.

ఆర్ యూ మైన్ విన్నానక్కా. అమ్మకు ఫోన్ చేశాను.

నా పాట సంగతి: డ్రమ్మర్‌కి ఒక్కడికే వినిపించాను. రెండో చరణం బాగాలేదన్నాడు, మొదటి చరణం మళ్లీ పాడమన్నాడు. ఈ శనివారం మిగతావాళ్లు రాకముందే అరగంట ముందుగా జామ్ రూమ్‌కి వెళ్లి ఇద్దరం దాన్ని వాయిద్దామనుకున్నాం. పాత ఆంప్ అన్నా, ఒక్క డౌట్, పిక్ కిందికే కొట్టాలా, పైకీ కిందికీ కొట్టాలా?

పాత ఆంప్:

ముందు కిందికే కొట్టు తమ్ముడూ, బరువు సమానంగా పడుతుంది. మణికట్టు నొప్పి పుడితే ఆపెయ్, చల్లారాక మళ్లీ మొదలుపెట్టు. శనివారం రికార్డు చేసి ఇక్కడ పెట్టు, రెండో చరణంతో సహా.